పాల జ్వరం: కాల్షియం సీసా ఎక్కించేటప్పుడు పాడి రైతు దగ్గరుండి చూసుకోవాల్సిన సంగతులు

గేదె ఈనింది. దూడ బాగుంది, మాయ పడింది, జున్ను పాలు కూడా పితికారు. మరునాడు తెల్లవారుజామున పాకలోకి వెళ్లి చూస్తే గేదె లేవడం లేదు. తల డొక్క మీదికి తిప్పి పెట్టుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి, ముట్టె మీద తడి లేదు. రాత్రి నుంచి పేడ కూడా వేయలేదు. పాడి రైతుల్లో చాలామందికి ఇది చూడగానే తెలిసిపోతుంది, పాల జ్వరం అని. వెంటనే నోట వచ్చే మాట, "కాల్షియం సీసా ఎక్కించాలి."

మాట సరైనదే. సరిగ్గా ఎక్కిస్తే చచ్చిపోతుందనుకున్న పశువు గంటలో లేచి నిలబడుతుంది. పశువైద్యంలో ఇంత త్వరగా ఫలితం కనిపించే మందులు తక్కువ. కానీ అదే సీసా తొందరపడి ఎక్కిస్తే గుండె ఆగి, చూస్తుండగానే పశువు చనిపోతుంది. సీసా ఎంత మంచిదో చాలామందికి తెలుసు, ఎంత ప్రమాదమో తెలిసినవారు తక్కువ. ఈ వ్యాసం ఆ రెండో సంగతి కోసం.

ముందే ఒక మాట. నేను చదివింది వ్యవసాయ డిగ్రీ, పశువైద్యం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో ఇలాగే గేదె పడిపోతే, ఊళ్లో సూదులు వేసే ఒకాయన వచ్చి మెడ నరానికి సూది పెట్టాడు. సీసా పట్టుకోమంటే నేనే పట్టుకున్నాను. "ఇంకా పైకెత్తండి సార్, తొందరగా అయిపోతుంది" అన్నాడు. ఎత్తాను. నాలుగైదు నిమిషాల్లో సీసా అడుగుకు వచ్చింది. గేదె ఒక్కసారి కాళ్లు చాపి, అరిచి, తల నేలకు వాల్చేసింది. రోగం ముదిరి పోయిందనే అందరం అనుకున్నాం. తర్వాత ఒక పశువైద్యాధికారికి ఈ సంగతి చెబితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్ని నిమిషాల్లో ఎక్కించారు?" అని. ఆ ప్రశ్న విన్నాక నాకు విషయం అర్థమైంది. అప్పటి నుంచి పశువైద్యుల పక్కన నిలబడి చూసి, అడిగి తెలుసుకున్నవే ఇక్కడ చెబుతున్నాను. సూది మీరే వేసుకోవడానికి కాదు, వేసేటప్పుడు పక్కన కళ్లు తెరిచి ఉండడానికి.

పేరు జ్వరం, ఒళ్లు చల్లన

పాల జ్వరంలో జ్వరం ఉండదు. ఆరోగ్యంగా ఉన్న పశువు ఒంటి వేడి సుమారు 101 నుంచి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే, ఈ జబ్బులో అంతకంటే తగ్గిపోతుంది. ఈనిన పశువుకు ఒళ్లు కాలిపోతోందంటే అది పాల జ్వరం కాకపోవచ్చు. పొదుగువాపో, గర్భసంచిలో చీమో కారణం కావచ్చు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

ఈనగానే కాల్షియం ఎందుకు పడిపోతుందో చూడండి. ఒక లీటరు మామూలు పాలలో సుమారు 1.2 గ్రాముల కాల్షియం ఉంటుంది. జున్ను పాలలో అంతకన్నా బాగా ఎక్కువ, లీటరుకు సుమారు 2 గ్రాములు. పశువు రక్తంలో ఒక సమయంలో తిరుగుతుండే కాల్షియం మొత్తం 3 గ్రాముల చుట్టుపక్కలే. అంటే మొదటి రోజు ఆరేడు లీటర్ల జున్ను పాలు పితికితే, రక్తంలో ఉన్నదానికి నాలుగింతలు పొదుగు దారిన బయటికి పోయినట్టు. ఆ లోటును ఎముకల్లోని నిల్వ నుంచి, మేత నుంచి శరీరం పూడ్చుకోవాలి. కానీ ఆ ఏర్పాటు కదలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోగా రక్తంలో కాల్షియం సగానికి పడిపోతే కండరాలు పనిచేయవు. కాళ్లు నిలవవు, కడుపు కదలదు, నెమరు ఆగిపోతుంది. గుండె కూడా కండరమే, అది కూడా నీరసపడుతుంది.

ఎక్కువగా ఈనిన మూడు రోజుల లోపు వస్తుంది. మొదటి ఈత పశువుల్లో అరుదు. మూడో ఈత నుంచి, అందులోనూ పాలు బాగా ఇచ్చే ముర్రా జాతి గేదెల్లో, జెర్సీ సంకర జాతి ఆవుల్లో ఎక్కువ చూస్తాం. కొన్ని పశువులకు ఈనకముందే, పొదుగు దిగే రోజుల్లోనే వస్తుంది.

పడిపోకముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. మేత వదిలేస్తుంది, వెనక కాళ్లు తడబడతాయి, కండరాలు సన్నగా వణుకుతాయి, నడిపిస్తే బిగుసుకుని అడుగులు వేస్తుంది. ఈ దశలోనే డాక్టరు గారిని పిలిస్తే పని తేలిక. రెండో దశలో కూర్చుండిపోయి తల డొక్క వైపు తిప్పుతుంది. మెడ మెలిక తిరిగినట్టు కనిపిస్తుంది. మూడో దశలో పక్కకు పడిపోయి కాళ్లు చాపేస్తుంది, కడుపు ఉబ్బుతుంది, స్పృహ ఉండదు. ఇక అక్కడి నుంచి మనకు మిగిలేవి గంటలే. తెల్లారాక చూద్దాంలే అనుకోకండి.

కూర్చున్న ప్రతి పశువుదీ పాల జ్వరం కాదు

దూడ అడ్డం తిరిగి కష్టపడి ఈనినప్పుడు తుంటి దగ్గర నరాలు నలిగి పశువు లేవలేకపోవచ్చు. కాలు జారి ఎముక విరగవచ్చు. ఈనిన కొన్ని వారాలకు గేదె మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో పోస్తూ నీరసించిందంటే అది ఎక్కువగా భాస్వరం లోపం. దానికి కాల్షియం సీసా మందు కాదు. ఇక పొదుగువాపు, గర్భసంచి చీము ముదిరి ఒళ్లంతా విషమెక్కిన పశువు కూడా అచ్చం పాల జ్వరం పశువులాగే కూర్చుండిపోతుంది. అలాంటి పశువు గుండె అప్పటికే దెబ్బతిని ఉంటుంది. దానికి నరం ద్వారా కాల్షియం వేగంగా పోతే తట్టుకోలేదు. డాక్టరు గారు వచ్చీ రాగానే సీసా తెరవకుండా ముందు థర్మామీటరు పెట్టి, పొదుగు పిండి చూసి, గుండె విని, కాళ్లు తడిమేది ఇందుకే. "ఆలస్యం చేస్తున్నారు" అని ఆయన్ను తొందరపెట్టకండి. ఆ అయిదు నిమిషాలే మీ పశువుకు రక్ష.

ఇంకొక అలవాటు కూడా ఉంది. గేదె బాగానే లేచి తిరుగుతున్నా "బలానికి ఒక సీసా ఎక్కించండి సార్" అని అడుగుతారు. లోటు లేని పశువుకు నరం ద్వారా కాల్షియం ఎక్కిస్తే రక్తంలో ఒక్కసారిగా పెరుగుతుంది. శరీరం అది చూసి ఎముకల నుంచి తీసుకునే పని ఆపేస్తుంది. మరునాటికి కాల్షియం మామూలు కంటే కిందికి దిగుతుంది. బలానికని ఇచ్చింది నీరసం తెచ్చిపెట్టినట్టు. నిలబడి తిరిగే పశువుకు కాల్షియం అవసరమైతే నోటి ద్వారా ఇచ్చేవి ఉన్నాయి.

డాక్టరు గారు వచ్చేలోగా

దగ్గరి పశువుల ఆసుపత్రికి గానీ, 1962 నంబరుకు గానీ ఫోన్ చేయండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సంచార పశువైద్య వాహనానికి ఇదే నంబరు. ఎప్పుడు ఈనింది, ఎన్నో ఈత, ఎప్పటి నుంచి లేవడం లేదు, పక్కకు పడిపోయిందా కూర్చునే ఉందా, ఇవి చెబితే అవతలివాళ్లకు ఎంత తొందరో అర్థమవుతుంది.

పశువు పక్కకు పడి ఉంటే నలుగురు కలిసి రొమ్ము మీద కూర్చోబెట్టండి. మళ్లీ పడిపోకుండా రెండు పక్కలా గడ్డి కుక్కిన గోనెసంచులు ఆనించండి. పక్కకు పడి ఉంటే కడుపు ఉబ్బి ఊపిరి ఆడదు, కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లో పడుతుంది. కింద సిమెంటు గచ్చు ఉంటే మందంగా వరిగడ్డో ఇసుకో వేయండి. ఎండలో ఉంటే నీడ ఏర్పాటు చేయండి, చలిలో ఉంటే గోనెపట్టా కప్పండి. పాలు పిండకండి.

నోట్లో ఏమీ పోయకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. జబ్బు పశువుకు మింగే శక్తి ఉండదు. గంజి, బెల్లం నీళ్లు, నూనె, కాల్షియం టానిక్కు, ఏది పోసినా నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాల జ్వరం నుంచి బయటపడి, నాలుగో రోజు న్యుమోనియాతో పోయిన గేదెలను చూశాను.

పొదుగులోకి గాలి కొట్టడం అనే పాత పద్ధతి గురించి ఎక్కడో విని అడిగేవాళ్లు కూడా ఉంటారు. నూరేళ్ల కింద యూరప్‌లో అది నిజంగానే వైద్యం. రక్తంలో కాల్షియం తగ్గడమే కారణమని 1925 ప్రాంతంలో తేలింది. ఆ తర్వాత 1930 నుంచి కాల్షియం సూది వాడకంలోకి వచ్చాక గాలి కొట్టడం మూలపడింది. ఇప్పుడు చేస్తే పొదుగువాపు తెచ్చుకోవడమే.

సీసా చేతికి తీసుకున్నప్పుడు

సాధారణంగా వాడేది కాల్షియం బోరోగ్లూకోనేట్ ద్రావణం, 450 మిల్లీలీటర్ల సీసా. కొన్నిట్లో మెగ్నీషియం, భాస్వరం, గ్లూకోజు కూడా కలిపి ఉంటాయి. మందుల షాపులో పాల జ్వరం సీసా అంటే ఏదో ఒకటి ఇచ్చేస్తారు. ఏది తేవాలో డాక్టరు గారిని అడిగి, కాగితం మీద రాయించుకుని తెండి. గ్లూకోజు కలిసినవాటిని చర్మం కింద వేయకూడదు, కాబట్టి పేరు మారితే వేసే తీరు కూడా మారుతుంది.

సీసాను వెలుతురుకు ఎత్తి చూడండి. ద్రావణం తేటగా ఉండాలి. పలుకులు, తెల్లటి మడ్డి, తేలే తీగలు కనిపిస్తే వద్దు. గడువు తేదీ చూడండి. ఒకసారి సూది గుచ్చి సగం వాడి అటక మీద పెట్టిన సీసాను మళ్లీ వాడకండి, ఎంత ఖరీదైనా సరే. పక్క పశువుకు వాడిన సూది, గొట్టం కూడా వద్దు.

చలికాలంలో సీసాను గోరువెచ్చటి నీళ్ల బకెట్లో కాసేపు ఉంచాలి. మణికట్టు మీద సీసా ఆనిస్తే చల్లగా గానీ వేడిగా గానీ అనిపించకూడదు. పశువు ఒళ్లు ముందే చల్లబడి ఉంది, చల్లటి మందు నేరుగా నరంలోకి పోతే గుండె మీద ఇంకా భారం. డాక్టరు గారు వచ్చేసరికి ఆ గోరువెచ్చటి నీళ్లు సిద్ధంగా ఉంచడం మీరు చేయగలిగిన పెద్ద సాయం. పొయ్యి మీద పెట్టి కాయకండి.

అదే సీసాలో ఇంకే మందూ కలపకూడదు. కొన్ని యాంటీబయాటిక్‌లు, వంటసోడా రకం ద్రావణాలు కాల్షియంతో కలిస్తే సున్నం విరిగినట్టు గడ్డకడతాయి. ఆ గడ్డ నరంలోకి పోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

సీసా ఎక్కుతున్నప్పుడు

ఒక సీసా నరంలోకి ఎక్కడానికి 15 నుంచి 20 నిమిషాలు పట్టాలి. 10 నిమిషాల లోపు అయిపోతోందంటే వేగం ఎక్కువైనట్టు. ఆ సీసాలో ఉండే కాల్షియం సుమారు 8, 9 గ్రాములు. రక్తం మొత్తంలో ఉండేది 3 గ్రాములని పైన చెప్పాను కదా, లెక్క మీరే వేసుకోండి. అంత మందు ఒక్కసారిగా గుండెకు చేరితే అది మొదట నెమ్మదిస్తుంది, తర్వాత తాళం తప్పుతుంది, ఆ తర్వాత ఆగిపోతుంది.

సీసా పట్టుకునే పని ఎక్కువగా మీకే వస్తుంది. ఎంత పైకెత్తితే అంత వేగంగా పోతుంది, దించితే నెమ్మదిస్తుంది. పశువు వీపుకు కొంచెం పైన పట్టుకుంటే చాలు, డాక్టరు గారు చెప్పిన ఎత్తు మార్చకండి. చేయి నొప్పి పుడితే ఇంకొకరికి అందించండి గానీ, తొందరగా ముగించాలని పైకెత్తవద్దు. ఫోన్‌లో సమయం చూసుకుని మొదలుపెట్టండి. ఇంకొక మనిషి తల కదలకుండా పట్టుకోవాలి.

మంచి డాక్టరు గారు ఒక చేయి సూది దగ్గర, చెవి స్టెతస్కోపు దగ్గర పెట్టుకుని ఉంటారు. గుండె తాళం మారినట్టు అనిపిస్తే గొట్టం మడిచి ఆపి, నిమ్మళించాక మళ్లీ మొదలుపెడతారు. మీరు చూడాల్సింది పశువును. ఉన్నట్టుండి పెనుగులాడినా, ఊపిరి ఎగపోసినా, అరిచినా వెంటనే చెప్పండి, సీసా దించండి. సూది దగ్గర మెడ ఉబ్బుతుంటే మందు నరం బయట పడుతున్నట్టు. అది కూడా అప్పుడే చెప్పాలి. బయట పడిన మందు కండను కాల్చేస్తుంది, వారం తర్వాత అక్కడ గట్టిపడి పుండు కావచ్చు.

మందు పనిచేస్తున్న గుర్తులు కూడా అప్పుడే కనిపిస్తాయి. త్రేన్పులు వస్తాయి, డొక్కల దగ్గర కండరాలు వణుకుతాయి, ముట్టె మీద చెమట బొట్లు పడతాయి, పేడ వేస్తుంది, మూత్రం పోస్తుంది. ఈ వణుకు చూసి భయపడనక్కరలేదు. చాలా పశువులు అరగంట నుంచి రెండు గంటల్లో లేస్తాయి. అదిలించి, తోక మెలిపెట్టి లేపకండి, దానంతట అది లేవనివ్వండి.

కొందరు వైద్యులు సగం మందు నరం ద్వారా ఇచ్చి, మిగతా సగం చర్మం కింద నాలుగైదు చోట్ల వేస్తారు. చర్మం కింద వేసింది నిదానంగా రక్తంలో చేరుతుంది, జబ్బు తిరగబెట్టకుండా అది కొంత ఆసరా. "సగమే ఎక్కించారు, మిగతాది చర్మానికి వేసి వృథా చేశారు" అని ఒక రైతు నా దగ్గర నొచ్చుకున్నాడు. వృథా కాదు. వేసిన చోట చేత్తో మెల్లగా రుద్దితే సరిపోతుంది.

ముందే ఒక సీసా ఎక్కించి ఉంటే దాచకండి

నేను ఎక్కువగా చూసిన ప్రమాదం ఇదే. రాత్రి ఎవరో ఒకరిని పిలిచి సీసా ఎక్కిస్తారు. గేదె లేవదు. పొద్దున డాక్టరు గారు వస్తారు. "ఇంతకుముందు ఏమైనా వేశారా?" అంటే తిడతారేమోనన్న భయంతో "లేదండీ, మీరే మొదలు" అంటారు. ఒక ఊళ్లో ఇలాగే ఒక పెద్దాయన చెప్పాడు. డాక్టరు గారు మెడ తడిమితే వెంట్రుకల్లో ఎండిన రక్తం బొట్టు చేతికి తగిలింది. గుండె విని, తెరవబోయిన సీసా పక్కన పెట్టేశారు. ఆ రోజు రెండో సీసా ఎక్కించి ఉంటే గేదె అక్కడే పోయేది. వేరే మందులిచ్చి, పక్కలు మార్చుతూ చూసుకుంటే సాయంత్రానికి లేచింది. ఆ బొట్టు కనబడకపోతే?

ఎంత మందు, ఏ పేరుది, ఎన్ని గంటలకు ఎక్కించారో చెప్పండి. ఖాళీ సీసా పారేయకుండా చూపించండి. 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం చేయాల్సింది నమోదైన పశువైద్యులు. మిగతా సిబ్బంది చిన్న సేవలు వారి పర్యవేక్షణలో చేయవచ్చు. అయినా ఊరి పరిస్థితి నాకు తెలుసు, రాత్రి పన్నెండింటికి ఎవరు దొరికితే వాళ్లే దిక్కు. పిలిచినందుకు మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఆ మనిషితో కనీసం ఫోన్‌లో డాక్టరు గారిని మాట్లాడించండి. చెప్పింది మాత్రం దాచకండి.

లేచిన తర్వాత, లేవకపోతే

లేచిన పశువుల్లో సుమారు నాలుగింట ఒకటి ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పడిపోవచ్చు. అందుకని మొదటి రెండు రోజులు పొదుగు పూర్తిగా ఖాళీ చేయకండి. దూడకు సరిపడా, కొంత బరువు తగ్గేలా పితికితే చాలు. పొదుగువాపు ఉంటే మాత్రం ఈ మాట వర్తించదు, డాక్టరు గారిని అడగాలి. కాల్షియం ఎక్కించినందుకు పాలు పారబోయనక్కరలేదు. దానితో పాటు యాంటీబయాటిక్ వేసి ఉంటే ఎన్ని పూటలు ఆగాలో అడిగి తెలుసుకోండి. పశువు బాగా లేచి, నీళ్లు తాగి, మింగుతున్నాక నోటి ద్వారా కాల్షియం ఇవ్వవచ్చు.

లేవకపోతే మీ అంతట మీరు రెండో సీసా ఎక్కించవద్దు. ఎనిమిది, పన్నెండు గంటల వ్యవధిలో డాక్టరు గారు మళ్లీ చూసి నిర్ణయించాలి. ఈలోగా రెండు మూడు గంటలకొకసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పండి. అయిదారు క్వింటాళ్ల బరువు ఒకే కాలి మీద పడితే ఆ కండ చచ్చుబడి, కాల్షియం సరైపోయినా ఇక లేవలేదు. రాత్రి ఇద్దరు వంతులు వేసుకుని తిప్పిన ఇళ్లలో పశువులు దక్కడం చూశాను. నీళ్లు, పచ్చిమేత నోటికి అందేలా పెట్టండి.

వచ్చే ఈతకు

వట్టిపోయిన రోజుల్లో చూడి గేదెకు కాల్షియం సీసాలు తాగిస్తే పాల జ్వరం రాదనుకుంటారు. చివరి మూడు వారాల్లో ఇది తిరగబడుతుంది. మేతలోనే దండిగా కాల్షియం అందుతుంటే ఎముకల నుంచి తీసుకునే అలవాటు శరీరానికి తప్పిపోతుంది, ఈనిన రోజు ఆ ఏర్పాటు కదలదు. కాబట్టి ఆ మూడు వారాలు కాల్షియం టానిక్కులు ఆపండి. వేరుశనగ కట్టె, లూసర్న్, అలసంద లాంటి పప్పుజాతి మేతలు తగ్గించి, జొన్న, మొక్కజొన్న చొప్ప, గడ్డిజాతి మేత ఎక్కువ పెట్టండి. ఈనిన రోజు నుంచి మళ్లీ పప్పుజాతి మేత, కాల్షియం, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మొదలుపెట్టండి. పాలిచ్చినన్నాళ్లూ లవణ మిశ్రమం ఆపకూడదు. వరిగడ్డి ఒక్కటే మేతగా ఉన్న ఇళ్లలో ఇది మరీ అవసరం, వరిగడ్డిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేస్తాయి.

ఒకసారి పాల జ్వరం వచ్చిన పశువుకు తర్వాతి ఈతల్లోనూ వచ్చే అవకాశం ఎక్కువ. ఈనడానికి వారం రోజుల ముందు విటమిన్ డి సూది వేయించడం, మేతలో ప్రత్యేక లవణాలు కలపడం లాంటి మార్గాలున్నాయి. కానీ రోజు లెక్క తప్పితే విటమిన్ డి మేలు చేయదు, అందుకే చూడి కట్టించిన తేదీ రాసి ఉంచుకోవాలి. పశువు ఆరోగ్య కార్డు మీద ఆ తేదీతో పాటు జబ్బు వచ్చిన రోజు, ఎక్కించిన మందు పేరు, ఎన్ని సీసాలు, లేవడానికి ఎంత సేపు పట్టిందో డాక్టరు గారి చేత రాయించండి. గేదెను అమ్మితే ఆ కార్డు కొన్నవారికి ఇవ్వండి.